అడగని మనిషి

స్టేషన్ రోడ్డులో చాయ్ హోటల్ నడిపే చాచా చెప్పేదాకా ఆయన పోయిన సంగతి నాకు తెలియదు. ఉద్యోగం మానేసి నాలుగేళ్లయినా, ఆ దారిన వెళ్తే ఆ హోటల్లో కూర్చోకుండా రాలేను. చాచా గ్లాసు నా ముందు పెట్టి, శుభ్రంగానే ఉన్న బల్లను మరోసారి తుడిచి, "మేడం, ఆప్‌కే ఖామోష్ సాబ్ గుజర్ గయే" అన్నాడు. నోరు మెదపని దొరగారు అని చాచా పెట్టుకున్న పేరు అది. అసలు పేరు చాచా ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పదిహేను రోజులైందట. నిద్రలోనే పోయాడట. చాచా స్టవ్ మంట తగ్గించి, "ఆప్‌కీ క్లాస్ మే వహీచ్ ఫస్ట్ థే నా మేడం?" అన్నాడు. నేను తలూపాను. నిజానికి మా క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు ఆయనవే. వేసింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

నా ఉద్యోగం ఏమిటో చెబితే జనం నవ్వేవారు. మాట్లాడటం నేర్పే ఉద్యోగం. పిల్లలకు కాదు, నలభై ఏళ్లూ యాభై ఏళ్లూ వచ్చిన పెద్దవాళ్లకు. స్కిజోఫ్రీనియా అనే జబ్బు పదీ పదిహేనేళ్లుగా ఉన్నవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. మందులు వేస్తే చెవిలో గొంతులు తగ్గుతాయి, అనుమానాలు తగ్గుతాయి. కానీ అన్నేళ్లు ఎవరితోనూ కలవని మనిషికి నలుగురిలో కూర్చోవడం, పలకరించడం, కావలసింది అడగడం, వద్దనుకున్నది వద్దనడం వాటంతటవి తిరిగి రావు. మళ్లీ అక్షరాభ్యాసం చేసినట్టు ఒక్కొక్కటే నేర్పాలి. ఒకరు కొట్టువాడుగా, ఒకరు కొనేవాడుగా నిలబడి నాటకం వేయాలి, తప్పులు దిద్దుకోవాలి, మళ్లీ వేయాలి. ప్రతి పాఠానికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు.

మా కేంద్రం రాయచూరు పాతబస్తీలో ఒక అద్దె ఇల్లు. బండల నేల, పైన ఒక ఫ్యాను. కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు చిమ్నీలు పగలూ రాత్రీ పొగ వదులుతుంటే, ఇక్కడ మా ఫ్యాను మాత్రం పదకొండింటికి కరెంటు పోయి ఠంచనుగా ఆగిపోయేది. దీపం కింద చీకటి అని ఊళ్లో అందరూ వెయ్యిసార్లు అనేసిన మాటే, నేనూ రోజూ అనుకునేదాన్ని. ఆ ఉక్కలో పన్నెండు మంది గోడవారన కూర్చుని ఒకరికొకరు "బాగున్నరా" అని చెప్పుకుంటుంటే, కిటికీ దగ్గర ఆగి చూసినవాళ్లు ఇదేదో భజన అనుకునేవారు.

ఆయన్ని మొదటిసారి తీసుకొచ్చింది తల్లి. పొట్టి మనిషి, చేతిలో కట్టె, కొడుకు ముందు నడుస్తుంటే వెనక నుంచి ఆ కట్టెతో దారి చూపిస్తూ వచ్చింది. ఆయన పొడగరి. చొక్కా మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకుని, తలుపు పక్కన కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. తర్వాత వచ్చిన ప్రతి రోజూ అదే చోటు, అదే కూర్చోవడం. ఆ చోట ఇంకెవరైనా కూర్చుంటే ఏమీ అనడు. వాళ్లు లేచేదాకా గుమ్మంలో నిలబడతాడు.

"మీ పేరేంటండీ?" అని అడిగాను. తల్లి చెప్పింది. వయసు అడిగాను, అదీ ఆమే చెప్పింది. పొద్దున ఏం తిన్నారని అడిగితే కూడా ఉప్పిట్టని, అంటే ఉప్మా అని, ఆమే చెప్పింది, ఎన్ని ముద్దలు తిన్నాడో సహా. ఈలోపు ఆయన నోరు కొద్దిగా తెరుచుకోవడం, తల్లి మాట వినపడగానే మూసుకోవడం రెండు మూడుసార్లు చూశాను. ఆయన జవాబు పెదవుల దాకా రావడానికి చాలా సమయం పట్టేది, ఆ లోపల తల్లికి ఆగడం చేతకాదు.

"వారిని చెప్పనివ్వండమ్మా" అన్నాను.

"వాడు చెప్పెదాంక నీకు పొద్దు గూకుతది బిడ్డా" అన్నది ఆమె. అని, కొడుకును బయట అరుగు మీద కూర్చోబెట్టి, నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది. "నేనున్నన్ని దినాలు నా నోరే వాని నోరు. నేను పోయినంక వీడు కోడలింట్ల ఉండాలె గద. ఆమె మంచిదే, కాదంటలే. గని నాలెక్క ఓపిక పట్టనీకె ఆమెకేం పట్టింది? ఇంటికెవరన్న వస్తె వీడు గోడ దిక్కు తిరుగుతడు. ఆమెకు నామోషీ. పెద్దోడు ఏదో ఆశ్రమం అని అంటుండు. వీనికి నాలుగు మాటలు నేర్పు బిడ్డా. గా నాలుగు మాటలే వానికి అన్నం పెడ్తయి."

అంతకంటే స్పష్టంగా నాకు పని అప్పజెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఆమె బతికుండగా ఆయన కోడలికి నచ్చాలి. లేకపోతే ఊరి బయట ఎక్కడో, ఎవరి ముఖమూ తెలియని చోట, వరస మంచాల్లో ఒక మంచం.

పెద్దకొడుకు ప్లాంటులో ఫిట్టరు, షిఫ్టు బస్సులో పోయి షిఫ్టు బస్సులో వచ్చేవాడు. తమ్ముణ్ణి వయసులో ఉండగా అక్కడే ఒక కాంట్రాక్టరు కింద బొగ్గు వ్యాగన్లు ఖాళీ చేసే పనిలో పెట్టించింది ఆ అన్నే. రెండేళ్లు బాగానే చేశాడు. మూడో ఏట ఒక మధ్యాహ్నం సైరన్లో ఎవరో తనను పేరు పెట్టి తిడుతున్నారని పార కింద పడేసి ఇంటికి నడిచి వచ్చేశాడు. బొగ్గు వల్ల వచ్చిందని తల్లి, గ్రహచారమని అన్న, ఎక్కడ ఉన్నా వచ్చేదేనని డాక్టరు. ఆయన్ని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. నేనొకసారి క్లాసులో అడిగాను, అదీ పాఠంలో ఉంది కాబట్టి. చాలాసేపటికి చెప్పాడు.

"గా వ్యాగన్లకాడ హిందీ మాట్లాడెటోళ్లు ఉంటుండ్రి మేడం. గీ చెవుల లోపలోళ్లు గూడ హిందీలనే మాట్లాడ్తరు. వాళ్లకు తెలుగు సమజ్ గాదు."

అప్పటిదాకా ఆయన క్లాసులో పెదవులు కదుపుతూ గొణుగుతుంటే, తనలో తాను మాట్లాడుకుంటున్నాడని కాగితంలో రాసేదాన్ని. ఆ రోజు దగ్గరగా చెవి పెట్టి విన్నాను. "తలుపు, గొళ్లెం, కిటికి, చెంబు, బండ, చీపురు" అంటున్నాడు. వాళ్ల గోల ఎక్కువైనప్పుడు వాళ్లకు అర్థం కాని భాషలోకి పోయి కూర్చుంటాడన్నమాట. మా క్లాసు సగం కన్నడంలో, సగం ఉర్దూ కలిసిన మాటల్లో నడిచేది. ఆయనకు మాత్రం తెలుగులోనే చెప్పాలని ఆ రోజు నిర్ణయించుకున్నాను. అక్కడే నా మొదటి పొరపాటు జరిగింది.

మావాళ్లు కోస్తా నుంచి తుంగభద్ర కాలువ నీళ్లు వెతుక్కుంటూ సింధనూరు దగ్గర గోరేబాళకు వచ్చి వరి వేసినవాళ్లు. మా ఇంట్లో కుక్కను తప్ప అందరినీ అండీ అంటారు. ఆ తెలుగే నేను ఆయనకు నేర్పాను. పాఠం పేరు పలకరింపు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, చిన్నగా నవ్వాలి, ఒక మాట అనాలి. పది రోజులు సాధన చేయించాను. ఆయన తు.చ. తప్పకుండా నేర్చుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన వదినె వచ్చింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ మా కేంద్రం గడప తొక్కలేదు. కొంగు నడుముకు చుట్టుకునే ఉంది, వంట మధ్యలో లేచి వచ్చినట్టు.

"మేడం, మా మరిదికి ఎక్కువైంది" అన్నది.

"ఏమైందండీ?"

"నిన్న పొద్దుగూకంగ నేను బియ్యం ఏరుతుంటె వచ్చి ఎదురుంగ నిలవడ్డడు. నా మొకంలకు గట్లనే చూసుకుంట నిలవడ్డడు. ఇన్నేండ్లల నా దిక్కు కన్నెత్తి చూడని మనిషి. నవ్విండు. నవ్వి, 'వదినగారూ, బాగున్నారాండీ' అన్నడు. సిన్మాల మాట్లాడినట్టు! నాకు చేతులు కాళ్లు ఆడలే. గోలీలు జర పెంచుమని చెప్పుండ్రి డాక్టర్‌కు."

నాకు నవ్వు ఆగలేదు, తర్వాత భయం వేసింది. వదిన కళ్లలోకి చూస్తూ నిలబడే మరిదిని ఏ ఇల్లాలు ఇంట్లో ఉంచుకుంటుంది? ఎక్కడో ఎవరో రాసిన పుస్తకం పట్టుకుని, ఏ ఇంట్లో ఎవరు ఎవరి వైపు చూస్తారో ఆలోచించకుండా పాఠం చెప్పినదాన్ని నేను. గోలీలు పెంచాల్సింది నాకే. తప్పు నాదని ఆమెకు చెప్పాను. ఆమె నమ్మలేదు. పాఠాలు చెప్పేవాళ్లు అట్లాంటివి నేర్పుతారా అన్నట్టు నన్ను పైనుంచి కిందికి చూసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆయనకు ఆ ఇంటి తెలుగే నేర్పాను, ముందు నేను నేర్చుకుని. తల్లి నాకు గురువు. అండీ తీసేశాము. కళ్లలోకి చూడటం తీసేసి, మనిషి చేతుల వైపు చూడటం పెట్టాము. "వదినె, పనైందా?" అనే రెండు మాటలు చాలన్నది తల్లి. ఆ రెండు మాటలకు నెల పట్టింది.

తర్వాతి పాఠం సెలవు తీసుకోవడం. ఇది ఆయనకు చాలా అవసరమైన పాఠం. ఎందుకంటే ఎక్కడినుంచి లేచినా "పోతున్న" అని లేచేవాడు. మన ఇళ్లల్లో ఆ మాట అంటే గుండె జల్లుమంటుంది. వదినె పుట్టింటివాళ్లు వచ్చినప్పుడు ఒకసారి భోజనం మధ్యలో లేచి "నేను పోతున్న" అన్నాడట, ఆమె తల్లి వెంటనే దిష్టి తీయించిందట. అందుకని "పోయొస్త" అనాలని చెప్పాను. కుదిరింది. నాటకంలో మూడుసార్లు తప్పు లేకుండా అన్నాడు. నేను ధీమాగా గురువారం నాడు నలుగుర్ని చాచా హోటల్‌కు తీసుకుపోయాను. మా వాళ్లకు బయటి మనుషులతో అభ్యాసం అక్కడే.

ఆయన చాయ్ తాగాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, బాగా చల్లారేదాకా చూసి, ఒకే గుక్కలో తాగడం ఆయన పద్ధతి. లేచాడు. చాచాతో "పోయొస్త" అన్నాడు. చాచా సంతోషపడి సలాం చేశాడు. మేము కేంద్రానికి తిరిగి వచ్చాము. కాసేపటికి చూస్తే ఆయన లేడు. పరుగున పోయి చూస్తే చాచా హోటల్లోనే నిలబడి ఉన్నాడు.

"పాంచ్ బార్ ఆయా మేడం!" అన్నాడు చాచా, చేయి ఎత్తి ఐదు వేళ్లూ చూపిస్తూ. "హర్ బార్ పోయొస్త బోల్తా, నుక్కడ్ తక్ జాతా, వాపస్ ఆ జాతా!" అని, వీధి మలుపు దాకా పోయి తిరిగి రావడం చేత్తో చూపించాడు.

బయటికి తీసుకొచ్చి అడిగాను. చాలాసేపు నడిచాక చెప్పాడు. "వస్త అంటిని గద. వచ్చిన."

వచ్చిన ప్రతిసారీ మళ్లీ బయల్దేరాలి కదా, బయల్దేరితే పోయొస్త అనాలి కదా, అంటే మళ్లీ రావాలి కదా. ఎక్కడా తప్పు లేదు. నేను దారి పొడుగునా మర్యాద గురించి ఉపన్యాసం ఇచ్చాను. అది ఊరికే అనే మాట అని, నిజంగా రానక్కర్లేదని.

"అబద్ధమా మేడం?"

"అబద్ధం కాదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తాం కదా."

ఆ మాట పట్టుకుని వారం ఆలోచించాడు. తర్వాతి గురువారం చాచాతో "పోయొస్త" అని, నాలుగడుగులు వేసి, ఆగి, నాతో "యెప్పుడని చెప్పలె గద" అన్నాడు. ఇక వెనక్కి పోలేదు. ఆ రోజు ఆ పాఠానికి మూడు మార్కులు వేశాను. ఆయనకు నేను వేసిన అన్నింటిలో ఎక్కువ మార్కులు అవే.

తక్కువ మార్కులు అడగడం దగ్గర. కావలసింది నోరు తెరిచి అడగడం అనే పాఠం మా దగ్గర ముఖ్యమైనది, ఆయన దానికి లొంగలేదు. చాచా హోటల్లో కూడా చాయ్ అని అడగడు. ఎదురుగా నిలబడతాడు. చాచా కనికరించి గ్లాసు పెట్టేస్తాడు. ఇవ్వొద్దని చాచాకు చెబితే, "కైసే నై దేనా మేడం, ఖడా హై బిచారా" అని, పాపం ఎదురుగా నిలబడితే ఇవ్వకుండా ఎలా ఉండేదని నన్నే తప్పు పట్టాడు. మే నెలలో ఒకరోజు కుండ నా పక్కన పెట్టుకుని, నీళ్లు కావాలంటే నోటితో అడగాలని నియమం పెట్టాను. రాయచూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పదకొండు మందీ అడిగారు. మాట రాదనుకున్న ఒకామె కూడా కన్నడంలో "నీరు" అన్నది. ఆయన పదింటి నుంచి ఒంటిగంట దాకా తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. నాకు కోపం వచ్చింది.

"దాహం వేస్తోందా లేదా?"

"అయితుంది."

"మరి అడగొచ్చు కదా!"

ఎంతోసేపు నేల చూశాడు. తర్వాత నెమ్మదిగా, కోపమేమీ లేకుండా, "మీకు కనవడ్తలేదా మేడం?" అన్నాడు.

చెంబు నింపి ఇచ్చాను. కాగితంలో ఒకటి వేశాను. ఏడాదిన్నరలో ఆ ఒకటి రెండు కాలేదు.

ఆ వానాకాలం తల్లి మంచాన పడింది. రెండు నెలలు పక్కలోనే. చేసింది అంతా వదినె. ఆస్పత్రికి, ఇంటికి తిప్పి, స్నానాలు చేయించి, పక్కబట్టలు ఉతికి. పెద్దకొడుకు షిఫ్టులు మానలేదు. చివరికి పోయింది. ఐదో రోజు నేను పరామర్శకు వెళ్లాను.

చావింట్లో పద్ధతులు తెలియని వాళ్లెవరున్నారు? నమస్కారం పెట్టకూడదు. నవ్వకూడదు. ముఖంలోకి చూడకూడదు. వచ్చినవాళ్లు తల వంచుకుని చాప మీద కూర్చుంటారు, ఇంటివాళ్లు మాట్లాడితే మాట్లాడినట్టు, లేకపోతే లేదు. నేను ఏడాదిన్నరగా ఏవేవి చేయకూడదని ఆయనతో పోట్లాడానో అవన్నీ అక్కడ మర్యాదలు. ఆయన గోడకు ఆనుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున దీపం పెట్టినప్పటినుంచి సాయంత్రం దాకా కదలడట. ఎవరు వచ్చినా వాళ్ల పక్కన ఉంటాడు, ఏమీ అనడు. గబ్బూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచిపోతూ, "కొడుకంటె గట్ల కూసోవాలె" అని పక్కవాళ్లతో అనడం నేను విన్నాను. పెద్దకొడుకు పెరట్లో ఎవరితోనో గ్యాస్ బండ గురించి మాట్లాడుతున్నాడు.

వదినె వచ్చినవాళ్లకు నీళ్లు అందిస్తున్నది. నేను కూర్చున్న గంటలో రెండుసార్లు అదే ప్రశ్న ఆమెను అడిగారు. హైదరాబాద్ తీస్కపోతే బతుకుతుండె గద, ఎందుకు తీస్కపోలేదు? ఆమె రెండుసార్లూ చెంబు కింద పెట్టి, డాక్టరు ఏమన్నాడో మొదటి నుంచి చెప్పింది.

నేను లేచాను. అక్కడ నా బుద్ధి ఎటు పోయిందో. పదేళ్ల ఉద్యోగం అలవాటు, రోజుకు పాతికసార్లు నేర్పే మాట, నాలుక మీదనే ఉంటుంది. చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి, అందరికీ వినపడేట్టు, "వెళ్లొస్తానండీ" అన్నాను.

మూలన కూర్చున్న ముసలామె నాలుక కొరుక్కుంది. చావింట్లో మళ్లీ వస్తాననడం ఏమిటి! నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు గోడ దగ్గర్నుంచి వినపడింది.

"గట్లనొద్దు మేడం" అన్నాడు ఆయన. "మల్ల గీ పనికి రావద్దు గద."

ఎవరూ అడక్కుండా, ఎవరూ తోయకుండా, పాఠం కాని చోట, నలుగురి ముందు తనంత తాను అన్న మొదటి మాట అది. అది పంతులమ్మను దిద్దిన మాట. గుమ్మంలో చెంబుతో నిలబడ్డ వదినె ఆయన వైపు చూసింది. నేను ఇంకేమీ అనకుండా, తల వంచుకుని, పద్ధతి ప్రకారం బయటికి వచ్చేశాను. వీధి చివరిదాకా సిగ్గుపడ్డాను, ఆ తర్వాత సంతోషపడ్డాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక పెద్దకొడుకు మా కేంద్రానికి వచ్చాడు. ఆశ్రమంలో మాట్లాడానని, వాళ్లు తమ్ముడి గురించి ఒక కాగితం అడుగుతున్నారని చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ టోపీ చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. తల్లి చేసిన పని ఇంకెవరి నెత్తిన పెట్టాలో తెలియనివాడు. నాకు తల్లి మాటలు గుర్తొచ్చాయి. నాలుగు మాటలు నేర్పమని అడిగింది. లెక్క చూస్తే రెండున్నర నేర్పాను. కాగితం రాసి, మందుల సంగతి వదినెకూ చెప్పాలనే వంకతో ఆదివారం నేనే పట్టుకుని వెళ్లాను.

ముగ్గురూ ఉన్నారు. ఆయన గోడ దగ్గర తన చోట్లో, సంచీ పక్కన పెట్టుకుని ఉన్నాడు. ఎవరు సర్దారో. అన్న కాగితం కోసం చేయి చాపాడు. వదినె అడ్డం వచ్చింది.

"ఏం రాసిన్రు మేడం? జర సదువుండ్రి."

చదివాను. మందులు సరిగా వేసుకుంటాడు. ఎవరికీ హాని చేయడు. స్నానం, బట్టలు తనే చూసుకుంటాడు. తనంత తాను మాట కలపడు. ఎవరినీ ఏమీ అడగడు.

"గది గూడ రోగమేనా?" అన్నది.

"ఏదండీ?"

"అడగకపోవుడు."

"రోగ లక్షణమే" అన్నాను. అలాగే చదువుకున్నాను మరి.

ఆమె నేల మీద కూలబడింది. "పదకొండు దినాలు మేడం. వచ్చినోల్లు వచ్చినట్టు నన్నే అడిగిన్రు. హైదరాబాద్ ఎందుకు తీస్కపోలె. గ్లూకోజ్ ఎందుకు ఎక్కించలె. ఆఖరి గడియల నువ్వు యాడున్నవు. మా ఆడబిడ్డ అడిగె, మా చిన్నత్త అడిగె. ఆఖరికి ఈయన గూడ." మొగుడి వైపు చూడకుండా చేయి మాత్రం చూపించింది. "రాత్రి గోలీ ఇచ్చినవా అని అడిగిండు. రెండు నెలలు ఎత్తి పోసింది నేను. నన్ను ఒక్క మాట అడగనోడు ఈ ఇంట్ల మా మరిది ఒక్కడే." కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసి, "ఆశ్రమం గీశ్రమం వద్దు. నేను పంపను" అన్నది.

పెద్దకొడుకు కాగితం వైపు చేయి చాపినవాడు చాపినట్టే ఉండి, మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "సరే తీ, ఉంటడు" అన్నాడు.

"మీరాగుండ్రి. ఆయన్నే చెప్పనీండ్రి" అని, వదినె ఆయన వైపు తిరిగింది. "ఈడ్నె ఉంటవా?"

ఆయన నోరు కొద్దిగా తెరుచుకుంది. అన్న ఏదో అనబోతే ఆమె చేత్తోనే ఆపింది. వీధిలో ఒక ఆటో వచ్చి పోయింది. పక్కింట్లో ఎవరో బిందె నింపుకుంటున్నారు, అది నిండింది, ఇంకోటి పెట్టారు. ఆమె కదలలేదు. ఆ ఇంట్లో ఆయన జవాబు కోసం అంతసేపు ఎవరైనా ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

"ఉంట" అన్నాడు.

నేను ఊపిరి వదిలాను. ఆయన మాత్రం ఇంకా ఆమె చేతుల వైపే చూస్తున్నాడు.

"గని వదినె, రోజు ఉప్పిట్టు వద్దు."

వదినె ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. "అయ్యో, ఇరవై ఏండ్ల సంది పెడ్తున్న, తింటున్నవు. గిన్ని దినాలు చెప్పొద్దా?"

ఆయన ఎప్పటిలాగే తొందరపడలేదు. ఆలోచించి, ఎవరినీ తప్పు పట్టకుండా చెప్పాడు.

"ఎవరడిగిన్రు?"